జెట్ ఇంజిన్ టెస్ట్ సెల్‌లో ఇంటేక్ గాలిని ఎలా పరీక్షించాలి, తేడా ఉంటే ఎలా సరిచేయాలి

ఓవర్‌హాల్ నుంచి వచ్చిన ఇంజిన్ టెస్ట్ సెల్‌లో (ఇంజిన్‌ను బిగించి నడిపి చూసే గదిలో) థ్రస్ట్, అంటే తోపుడు బలం, తక్కువ చూపిస్తేనో, ఈజీటీ (ఎగ్జాస్ట్ గాలి ఉష్ణోగ్రత) ఎక్కువ చూపిస్తేనో అందరి అనుమానమూ ముందు ఇంజిన్ మీదకే పోతుంది. ఇంజిన్ లోపల చూసే బోర్‌స్కోప్ తెస్తారు, బ్లేడ్ క్లియరెన్సులు వెతుకుతారు, చివరికి ఇంజిన్ దించి షాపుకు పంపుతారు. ఆ ఇంజిన్ మింగిన గాలి ఎలా ఉందో మాత్రం చాలాసార్లు ఎవరూ చూడరు. ఇంజిన్‌ను తప్పుపట్టే ముందు దానికి అందిన గాలి బాగుందని మీరు రుజువు చేసుకోవాలి. దానికి ఏ వరుసలో ఏం చేయాలో ఇక్కడ చూడండి.

లెక్కలకు ఒక ఇంజిన్ కావాలి కాబట్టి బోయింగ్ 737 కింద వేలాడే సీఎఫ్ఎం56-7బీ తీసుకుందాం. ఫ్యాన్ వ్యాసం 61 అంగుళాలు, అంటే 1.55 మీటర్లు. 7బీ26 రకం టేకాఫ్ థ్రస్ట్ సుమారు 117 కిలోన్యూటన్లు, అప్పుడు సెకనుకు సుమారు 350 కిలోల గాలి తీసుకుంటుంది. సెల్ లోపలి కొలతలు 8 మీటర్లు ఇంటూ 8 మీటర్లు అనుకోండి. మీ ఇంజిన్, మీ సెల్ వేరైతే అంకెలు మారతాయి గానీ పద్ధతి ఇదే.

1. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే సెల్ అంతా తిరిగి చూడండి

గాలి నడిచే దారిలోనే మీరూ నడవండి. గాలి లోపలికి దిగే ఇన్‌టేక్ స్టాక్ పైనుంచి మొదలుపెట్టి శబ్దం తగ్గించే సౌండ్ బ్యాఫిళ్లు, మలుపులో గాలిని తిప్పే టర్నింగ్ వేన్‌లు, స్క్రీన్, సెల్ ముందుభాగం, ఇంజిన్ మూతికి తగిలించే గంట ఆకారపు బెల్‌మౌత్ దాకా రావాలి. బ్యాఫిల్ మీది చిల్లుల రేకు ఎక్కడైనా చిరిగితే లోపలి ఊలు ఊడి నేరుగా ఫ్యాన్‌లోకి పోతుంది. స్క్రీన్ ఒక మూల దుమ్ముతోనో పావురాల గూడుతోనో మూసుకుపోయిందా? అది ఎఫ్ఓడీ (బయటి వస్తువు ఇంజిన్‌లో పడి పాడుచేయడం) సమస్య ఒక్కటే కాదు. మూసుకున్న వైపు గాలి నెమ్మదిగా, తెరిచి ఉన్న వైపు వేగంగా వస్తుంది. ఈ వేగాల తేడా నుంచే సుడులు పుడతాయి. అందుకే స్క్రీన్‌ను మొత్తం ఒకేలా శుభ్రం చేయండి. సగం కడిగి వదిలేసిన స్క్రీన్ అసలు కడగనిదాని కంటే చెడ్డది.

ఇంజిన్ ముందున్న నిచ్చెన, ట్రాలీ, హాయిస్ట్ గొలుసు, కేబుల్ చుట్ట, ఏదైనా సరే తీయగలిగితే బయటికి పంపండి. గాలికి అడ్డున్న ప్రతి వస్తువు వెనుకా కదలిక చెడిన గాలి తోకలా సాగుతుంది. ఆ తోక ఫ్యాన్ దాకా వెళ్తే ప్రతి బ్లేడూ తిరిగినప్పుడల్లా ఒకసారి దాన్ని కోస్తుంది.

బెల్‌మౌత్ దగ్గర కళ్ల కంటే చేతివేళ్లే నమ్మకం. పెదవి చుట్టూ, గొంతు లోపల అరచేతితో తడుముతూ ఒక చుట్టు తిరగండి. సొట్ట, రంగు పెచ్చు, అతుకు దగ్గర మెట్టు చేతికి తగలకూడదు. గొంతులోని స్టాటిక్ ప్రెషర్ (గాలి వేగం కలవని ఒత్తిడి) రంధ్రాల మీద వేలికొన ఆనించి తిప్పండి. అంచు గీరుకుంటే అక్కడ బర్ (లేచిన లోహపు అంచు) ఉన్నట్టు, ఆ రంధ్రం తప్పు ఒత్తిడి చెబుతుంది. వానాకాలం తర్వాత ఈ రంధ్రాల్లో పురుగులు మట్టి గూళ్లు కట్టడం, గొట్టాల్లో నీటి చుక్క నిలవడం మామూలే. బెల్‌మౌత్‌కూ ఫ్యాన్ కేస్‌కూ మధ్య రబ్బరు సీల్ చుట్టూ సమంగా కూర్చుందో లేదో చూడండి. గొంతు తర్వాత అక్కడ గాలి దూరితే, ఇంజిన్ తీసుకున్న గాలిలో కొంత మీ కొలతకే రాదు.

2. ఒత్తిడి, ఉష్ణోగ్రత: సరైనచోట, సరైన విలువ

చాలా లెక్కలు ఇక్కడే తప్పుతాయి. థ్రస్ట్, గాలి ప్రవాహం, ఇంధన ప్రవాహం, వేగం అన్నింటినీ 15 డిగ్రీల సెల్సియస్, 101.325 కిలోపాస్కల్ ప్రామాణిక స్థితికి మార్చి పోలుస్తాం. మార్పుకు ఆధారం ఇంజిన్ ముఖం దగ్గరి ఒత్తిడి, ఉష్ణోగ్రత. అవి తప్పైతే మిగిలినవన్నీ తప్పు.

వాతావరణ రిపోర్టులో కనిపించే క్యూఎన్‌హెచ్‌ను ఎప్పుడూ వాడకండి. అది సముద్ర మట్టానికి దించి చెప్పిన ఒత్తిడి. శంషాబాద్ విమానాశ్రయం 617 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ ప్రామాణిక వాతావరణంలో అసలు ఒత్తిడి సుమారు 94 కిలోపాస్కల్. క్యూఎన్‌హెచ్ 1010 హెక్టోపాస్కల్ ఉందని 101 వేసుకుంటే ఏకంగా 7 శాతం తప్పు. ఆ తప్పుతో మంచి ఇంజిన్ కూడా ఫెయిల్ అవుతుంది.

బయటి బారోమీటర్ సరిగ్గా ఉన్నా సరిపోదు. గాలి బ్యాఫిళ్లు, స్క్రీన్ దాటి వచ్చేసరికి సెల్ లోపలి ఒత్తిడి బయటి కంటే తగ్గుతుంది. దీన్ని సెల్ డిప్రెషన్ అంటారు. 1 కిలోపాస్కల్ డిప్రెషన్‌ను పట్టించుకోకపోతే సరిచేసిన థ్రస్ట్‌లో దాదాపు 1 శాతం తేడా వస్తుంది. కాబట్టి సెల్ ముందు భాగంలోనే కొలవండి. స్టాటిక్ ట్యాప్ గాలికి ఎదురుగా కాకుండా, గోడకు సమతలంగా ఉండాలి. ప్రతి రన్‌లో ఒకే పవర్ దగ్గర డిప్రెషన్ నోట్ చేసి గ్రాఫ్ గీయండి. నెలనెలా అది మెల్లగా పెరుగుతుంటే స్క్రీనో బ్యాఫిళ్లో మూసుకుపోతున్నాయి.

ఉష్ణోగ్రతకు గోడ మీది ఒక్క సెన్సర్ చాలదు. బెల్‌మౌత్ ముందు స్క్రీన్ ఫ్రేమ్ మీద చుట్టూ కనీసం నాలుగు, వీలైతే ఎనిమిది ప్లాటినం సెన్సర్లు పెట్టండి. దీపాల వేడి, ఎండ తగిలిన గోడ వేడి వాటి మీద పడకూడదు. 30 డిగ్రీల రోజున 1 డిగ్రీ తప్పు చదివితే సరిచేసిన ఫ్యాన్ వేగంలో 0.16 శాతం తేడా. ఫ్యాన్ వేగం కొద్దిగా మారినా థ్రస్ట్ బాగా మారుతుంది కాబట్టి అది థ్రస్ట్‌లో సుమారు అర శాతానికి పోతుంది. 900 డిగ్రీల ఈజీటీ మీద అదే తప్పు దాదాపు 4 డిగ్రీలు. ఈజీటీ హద్దుకు ఇంకా మిగిలిన మార్జిన్ కోసం ఒక్కో డిగ్రీ లెక్కపెట్టుకునే చోట 4 డిగ్రీలు తక్కువేం కాదు.

సగటు ఒక్కటే చూసి ఊరుకోకండి. ఒక వైపు సెన్సర్లు మాత్రమే వేడిగా ఉండి, పవర్ పెంచేకొద్దీ ఆ తేడా పెరుగుతుంటే ఎగ్జాస్ట్ వెనక్కి తిరిగి ముందుకు వస్తోందని అనుమానించాలి. ఎగ్జాస్ట్ స్టాక్ నుంచి బయటికి పోయిన వేడి గాలి ఇన్‌టేక్ స్టాక్‌లోకి దిగుతోందా, సెల్ లోపలే నాజిల్ దగ్గర్నుంచి ముందుకు పాకుతోందా అన్నది తేల్చాలి. మొదటిదైతే బయటి గాలి దిశ మారగానే మాయమవుతుంది. రెండోదైతే సెల్ వెనుక గోడ దగ్గరి ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది.

3. బెల్‌మౌత్ కొలత నమ్మదగ్గదేనా?

బెల్‌మౌత్ గొంతులో ఒత్తిడి ఎంత పడిందో చూసి గాలి ప్రవాహం లెక్కిస్తాం. ముందు ప్రతి ప్రెషర్ గొట్టాన్నీ మూసి, కొద్దిగా ఒత్తిడి ఎక్కించి నిలుస్తుందో లేదో చూడండి. తగ్గుతుంటే లీక్. ట్యాపులన్నిటినీ ఒకే గొట్టానికి కలిపేస్తే ఒక లీకు సగటును పాడుచేస్తుంది, ఏది చెడిందో కూడా తెలియదు. విడివిడిగా చదవడమే మేలు.

టేకాఫ్ దగ్గర గొంతులో మాక్ సంఖ్య (ధ్వని వేగంలో గాలి వేగం ఎన్నో వంతో) సుమారు 0.5 ఉంటుంది. అక్కడ స్టాటిక్ ఒత్తిడి, గాలి వేగం కూడా కలిసిన మొత్తం ఒత్తిడి కంటే దాదాపు 16 కిలోపాస్కల్ తక్కువ. 100 పాస్కల్ తప్పు వచ్చినా పెద్దగా నష్టం లేదు. ఐడిల్ దగ్గర మాక్ 0.1 ప్రాంతంలో ఉంటే ఆ తేడా 0.7 కిలోపాస్కలే. అదే 100 పాస్కల్ తప్పు ఇక్కడ గాలి ప్రవాహంలో సుమారు 7 శాతం. ఐడిల్ దగ్గర కూడా గాలి ప్రవాహం కావాలంటే తక్కువ రేంజ్ ట్రాన్స్‌డ్యూసర్ (ఒత్తిడి సెన్సర్) ఇంకొకటి పెట్టండి. పెద్ద రేంజ్ దానితోనే సర్దుకుంటే ఐడిల్ అంకెలను రిపోర్టులోకి ఎక్కించకండి.

4. సెల్ బైపాస్ నిష్పత్తి లెక్కించండి

సెల్‌లోకి వచ్చిన గాలంతా ఇంజిన్‌లోకి పోదు. కొంత ఇంజిన్ పక్కల నుంచి వెళ్లి, ఎగ్జాస్ట్ జెట్ లాగుతుంటే, ఇంజిన్ వెనుక ఎగ్జాస్ట్‌ను బయటికి తీసుకుపోయే ఆగ్‌మెంటర్ గొట్టంలోకి పోతుంది. ఆ పక్కగాలిని ఇంజిన్ గాలితో భాగిస్తే వచ్చేదే సెల్ బైపాస్ నిష్పత్తి. ఇది 0.8 కంటే తక్కువ కాకూడదన్నది టెస్ట్ సెల్ డిజైన్‌లో వాడుకలో ఉన్న నియమం.

30 డిగ్రీల దగ్గర సముద్ర మట్టంలో గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.165 కిలోలు. సెల్ అడ్డుకోత 64 చదరపు మీటర్లు, సర్వేలో (5వ అంచె) సగటు వేగం సెకనుకు 8.4 మీటర్లు వచ్చిందనుకోండి. మొత్తం గాలి సెకనుకు 626 కిలోలు. ఆ వేడిలో ఇంజిన్ తీసుకున్నది 340. మిగిలిన 286ను 340తో భాగిస్తే 0.84. ఫరవాలేదు.

0.8 ఎందుకో తెలుసుకుంటే నియమం గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. ఇంజిన్ మింగబోయే గాలిని సెల్ ముందుభాగంలో ఒక గుండ్రటి స్తంభంగా ఊహించుకోండి. నిష్పత్తి 0.8 అయితే ఆ స్తంభం 64 చదరపు మీటర్లలో 35.6 ఆక్రమిస్తుంది, అంటే వ్యాసం 6.7 మీటర్లు. నేలకూ గోడలకూ చుట్టూ 60 సెంటీమీటర్ల పైన ఖాళీ మిగులుతుంది. నిష్పత్తి 0.3కు పడితే వ్యాసం 7.9 మీటర్లు అవుతుంది, స్తంభం గోడలను రాసుకుంటుంది. గోడను తాకిన గాలిని ఇంజిన్ లాగడం మొదలైన క్షణం నుంచి ఆ గోడ మీద సుడి కాలూనడానికి చోటు దొరుకుతుంది. గాలి వేగం సమంగా లేకపోతే స్తంభం ఒక పక్కకు ఒరిగి ఇంకా ముందే తాకుతుంది. 0.8లో ఉన్న మిగులు అందుకే.

నిష్పత్తి తక్కువగా ఉంటే ఇంజిన్ నాజిల్‌కూ ఆగ్‌మెంటర్ నోటికీ మధ్య దూరాన్ని, ఆగ్‌మెంటర్ వ్యాసాన్ని చూడాలి. వాటిని మార్చేది కొద్దికొద్దిగా, ప్రతిసారీ మళ్లీ కొలుస్తూ. ఎక్కువైతే మంచిదేనని అదేపనిగా పెంచకండి. సెల్‌లో గాలి వేగం పెరిగితే డిప్రెషన్ పెరుగుతుంది, ఇంజిన్ స్టాండ్ మీద గాలి తోపుడు పెరుగుతుంది, థ్రస్ట్‌కు కలపాల్సిన సవరణా పెరుగుతుంది. పై లెక్కలోనే చూడండి: 340 కిలోలు సెకనుకు 8.4 మీటర్ల వేగంతో వస్తున్నాయి కాబట్టి 2.9 కిలోన్యూటన్లు థ్రస్ట్ కొలిచే లోడ్ సెల్‌కు కనిపించవు. 117లో అది 2.4 శాతం.

5. వేగం సర్వే

బెల్‌మౌత్‌కు రెండు మూడు ఫ్యాన్ వ్యాసాల ముందు ఒక అడ్డ తలం ఎంచుకోండి. దాన్ని 5 ఇంటూ 5గా 25 సమాన గళ్లుగా విభజించి, ప్రతి గడి మధ్యలో ఒక కొలత తీసుకోండి. సెకనుకు 5 నుంచి 12 మీటర్ల వేగాలకు అల్ట్రాసోనిక్ అనిమోమీటర్ (గాలి వేగం కొలిచే పరికరం) బాగా పనిచేస్తుంది, పైగా అడ్డదిశ వేగాలు కూడా ఇస్తుంది. పిటాట్ గొట్టానికి ఈ వేగాల్లో ఒత్తిడి చాలా తక్కువ వస్తుంది. 8 మీటర్ల దగ్గర 37 పాస్కలే కాబట్టి మంచి మైక్రోమానోమీటర్ లేకుండా వాడొద్దు.

ఫ్యాన్ ముందు నిలబెట్టే కడ్డీ, క్లాంపు, నట్టు ప్రతిదీ సేఫ్టీ వైర్‌తో కట్టి ఉండాలి. బిగించినవాళ్లు కాకుండా వేరొకరు లెక్కపెట్టి సంతకం చేయాలి. ఇంజిన్ తిరుగుతుండగా సెల్‌లో మనిషి ఉండకూడదు, ఐడిల్ అయినా సరే.

ఐడిల్, మధ్యస్థ పవర్, టేకాఫ్, మూడింటి దగ్గరా ఇంజిన్ స్థిరపడ్డాక కనీసం నిమిషం పాటు రికార్డు చేయండి. ప్రతి గడికీ సగటుతో పాటు ఊగిసలాట కూడా రాసుకోండి. సగటు బాగుండి ఒక మూల ఊగిసలాట ఎక్కువ ఉంటే ఆ వైపు ఏదో అడ్డు ఉంది, లేదా టర్నింగ్ వేన్ నుంచి గాలి విడిపోతోంది. ఆమోదించే హద్దు మీ సెల్ కోరిలేషన్ రిపోర్టులోనూ (మీ సెల్ అంకెలను ప్రామాణిక సెల్‌తో పోల్చిన నివేదిక) ఇంజిన్ తయారీదారు పత్రాల్లోనూ ఉంటుంది. వేరే సెల్ హద్దును అరువు తెచ్చుకోకండి.

6. సుడిని వెతకండి

గాలి దోషాల్లో సుడి అంత ప్రమాదకరమైనది ఇంకొకటి లేదు. నేల మీదో గోడ మీదో కప్పు మీదో ఒక కాలు ఆనించి, రెండో కొస ఫ్యాన్‌లో పెడుతుంది. నేల మీది నట్టునూ రాయినీ లేపుతుంది. ఫ్యాన్‌లో ఒక చిన్న చోట గాలి దిశ మార్చేసి బ్లేడ్లను అదరగొడుతుంది. తీవ్రమైతే కంప్రెసర్ స్టాల్ అవుతుంది, అంటే గాలిని వెనక్కి నెట్టలేక తడబడుతుంది. పైగా వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఒక రన్‌లో దొరికింది ఇంకో రన్‌లో దొరకదు.

నేల, రెండు గోడలు, కప్పు మీద బెల్‌మౌత్ ముందు భాగమంతా 30 సెంటీమీటర్ల ఎడంతో ఊలు దారం ముక్కలు అతికించండి. పది సెంటీమీటర్ల పొడవు చాలు. నేల నల్లగా ఉంటే తెల్ల దారం, తెల్ల గోడకు ఎర్రది. ఒక కొసే, గట్టి టేపుతో. కనీసం రెండు కెమెరాలు పెట్టి, వీడియో టైమును డేటా టైముతో కలపండి. మంచి గాలిలో దారాలన్నీ ఇంజిన్ వైపే ఒరుగుతాయి. సుడి కాలు ఉన్నచోట చుట్టూ ఉన్న దారాలు ఒక కేంద్రం చుట్టూ తిరిగినట్టు పడుకుంటాయి, మధ్యది నిలబడి గిరగిరా తిరుగుతుంది. తేమ ఎక్కువున్న రోజున తెల్లటి తాడులా కంటికే కనిపిస్తుంది.

పవర్‌ను ఒక్కసారిగా పెంచకుండా మెట్లు మెట్లుగా పెంచండి, ప్రతి మెట్టు దగ్గరా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఏ పవర్ దగ్గర సుడి పుట్టిందో, తగ్గిస్తున్నప్పుడు ఎక్కడ పోయిందో రెండూ రాసుకోండి.

కనబడ్డాక మందు కారణాన్ని బట్టి. నేల మీద ఎప్పుడూ ఒకేచోట వస్తుంటే ముందు ఆ వైపు పై దారిలో అడ్డు, మూసుకుపోయిన స్క్రీన్ వెతకండి, వేగం మ్యాపులో నెమ్మది గడులు ఎటున్నాయో చూడండి. అన్ని గోడల మీదా చోటు మారుతూ వస్తుంటే బైపాస్ నిష్పత్తి తక్కువ. బయట గాలి వీచినప్పుడే వస్తుంటే ఇన్‌టేక్ స్టాక్ పైన గాలి అడ్డంగా కోస్తోంది, అక్కడ గాలిమళ్లింపు పలకలు కావాలి. సుడి కాలు పెట్టే చోట పలక నిలబెట్టి విరగ్గొట్టడం చివరి మార్గం. మూలకారణం వదిలేసి పలక పెడితే సుడి పక్క గోడకు మారుతుంది.

7. రేక్‌తో డిస్టార్షన్ కొలవడం

డిస్టార్షన్ అంటే ఇంజిన్ ముఖం మీద గాలి ఒత్తిడి చోటుచోటుకూ తేడాగా ఉండడం. ప్రతి ఇంజిన్‌కూ ఈ కొలత అక్కర్లేదు. కొత్త సెల్‌ను ప్రారంభించేటప్పుడు, బ్యాఫిళ్లో స్క్రీనో మార్చినప్పుడు, స్టాల్‌కు కారణం తెలియనప్పుడు చేయాలి. ఎనిమిది చేతులు, చేతికి ఐదు ప్రోబులు, మొత్తం 40 టోటల్ ప్రెషర్ (మొత్తం ఒత్తిడి) ప్రోబులున్న రేక్ వాడతారు. మధ్యలో హబ్ అడ్డు లేకపోతే సమాన వైశాల్య వలయాల కోసం ప్రోబులు వ్యాసార్ధంలో 0.316, 0.548, 0.707, 0.837, 0.949 వంతుల దగ్గర ఉండాలి. హబ్ ఉంటే దాని వైశాల్యం తీసేసి మళ్లీ లెక్కించండి.

డీసీ60 సూచిక తీయడం తేలిక. చుట్టూ ఏ 60 డిగ్రీల ముక్కలో సగటు ఒత్తిడి అన్నిటికంటే తక్కువో చూసి, మొత్తం సగటులోంచి దాన్ని తీసేసి, సగటు డైనమిక్ ఒత్తిడితో (గాలి వేగం వల్ల వచ్చే ఒత్తిడితో) భాగించండి. మొత్తం సగటు 101.0, చెడ్డ ముక్క సగటు 100.6, డైనమిక్ ఒత్తిడి 14.9 కిలోపాస్కల్ అయితే 0.027. విమానంలో ఎస్-ఆకారపు ఇంటేక్‌కు ఇది చిన్న సంఖ్యే. శుభ్రమైన బెల్‌మౌత్ ఉన్న సెల్‌లో మాత్రం సున్నాకు చాలా దగ్గరగా ఉండాలి కాబట్టి దీన్ని వదిలేయకుండా ఎక్కడిదో వెతకాలి. ఇంకో మాట: ఈ సూచిక సుడి తిప్పుడును పట్టదు. తిప్పుడు కోణం కావాలంటే ఐదు రంధ్రాల ప్రోబు పెట్టాలి.

తేమ

విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి తీరం గాలిలో దీన్ని ప్రత్యేకంగా చూడాలి. 30 డిగ్రీల గాలి గొంతులో మాక్ 0.5కు చేరేసరికి దాని స్టాటిక్ ఉష్ణోగ్రత 15.6కు పడుతుంది. 80 శాతం తేమ ఉంటే డ్యూ పాయింట్ (ఆవిరి చుక్క కట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రత) సుమారు 26. గాలి గొంతులో ఉండేది మిల్లీసెకన్లే కాబట్టి డ్యూ పాయింట్ దాటగానే చుక్క కట్టదు, కానీ పది డిగ్రీలు కిందికి పోతే బెల్‌మౌత్ లోపల పొగమంచు కనిపిస్తుంది. ఆవిరి చుక్కలుగా మారేటప్పుడు వదిలే వేడి మొత్తం ఒత్తిడిని తగ్గిస్తుంది, గాలి ప్రవాహం లెక్క తప్పుతుంది. చుక్క కట్టకపోయినా కిలో గాలిలో 20 గ్రాముల ఆవిరి ఉంటే సాంద్రత 1.2 శాతం తగ్గుతుంది. కాబట్టి ప్రతి రన్‌కూ తేమను కొలిచి లెక్కలో పెట్టండి. తీరంలో డ్యూ పాయింట్ రోజంతా పెద్దగా మారదు, మధ్యాహ్నం గాలి వేడెక్కితే రెంటి మధ్య ఎడం పెరుగుతుంది. గాలి ప్రవాహం కచ్చితంగా కావాల్సిన రన్‌ను తెల్లవారుజామున పెట్టుకోవద్దు.

ఆరుబయట, రెక్క కింద

అమెరికాలో ఒహాయోలోని పీబుల్స్‌లో జీఈకి, మిసిసిపీలోని నాసా స్టెనిస్ కేంద్రంలో రోల్స్-రాయిస్‌కు ఆరుబయట స్టాండ్లున్నాయి. గాలి అలజడి తగ్గించడానికి పీబుల్స్‌లో ఇంజిన్ ముందు తేనెపట్టు గదుల ప్యానెళ్లతో చేసిన పెద్ద గోళం నిలబెడతారు. మామూలు ఎంఆర్‌ఓలో (విమానాల మరమ్మతు సంస్థలో) అంత ఏర్పాటు ఉండదు, రెక్క కిందే రన్ చేస్తారు. అక్కడ సుడి వస్తుందో రాదో చెప్పే ఒక అంచనా సూత్రం ఉంది. ఇంజిన్ మధ్యరేఖ ఎత్తును ఇంటేక్ వ్యాసంతో భాగించి, 24తో గుణించి, 17 తీసేయండి. ఇంటేక్ వేగాన్ని ఎదురుగాలి వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్య దీని కంటే పెద్దదైతే సుడి వస్తుంది. ఎత్తు, వ్యాసాల నిష్పత్తి 1.5, ఇంటేక్ వేగం సెకనుకు 165 మీటర్లు అయితే, సుడి రాకుండా ఉండాలంటే ఎదురుగాలి సెకనుకు 8.7 మీటర్లు దాటాలి. నిష్పత్తి 1 అయితే దాదాపు 24 మీటర్లు కావాలి, అంత గాలిలో ఎవరూ రన్ చేయరు. అంటే కిందికి వేలాడే ఇంజిన్లకు హై పవర్ దగ్గర సుడి తప్పదనే అనుకుని సిద్ధపడండి. ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి. ఇంజిన్ ముందు కాంక్రీట్‌ను ఊడ్చండి. పగిలిన జాయింట్లు, డ్రెయిన్ జాలీల మీద ఇంటేక్ రాకుండా విమానాన్ని జరపండి. హై పవర్ దగ్గర అవసరమైన రీడింగ్ తీసుకోగానే తగ్గించండి.

మళ్లీ ఎప్పుడు చేయాలి

స్క్రీన్, బ్యాఫిల్, ఆగ్‌మెంటర్, బెల్‌మౌత్ వీటిలో ఏది మారినా 4, 5, 6 అంచెలు మళ్లీ చేయండి, స్క్రీనో బ్యాఫిళ్లో అయితే 7 కూడా. సెల్‌లో కొత్త రకం ఇంజిన్ ఎక్కించినా అంతే. సర్వే మ్యాపు, దారాల వీడియో, డిప్రెషన్ గ్రాఫ్ మూడూ ఒకే ఫైల్‌లో, తేదీతో, బయటి గాలి వేగం, దిశ, తేమలతో సహా దాచండి. ఏ ఇంజిన్‌కైనా థ్రస్ట్ తక్కువ వచ్చి షాపుకు పంపాలని ఎవరైనా అంటే, ముందు ఆ ఫైల్ తెరిచి అదే పవర్ దగ్గరి డిప్రెషన్‌ను, ఉష్ణోగ్రత సెన్సర్ల మధ్య తేడాను పోల్చండి. ఆ రెండూ పాత గీత మీదే ఉంటేనే ఇంజిన్ మీద చేయి వేయండి.